పులుల దారిలో మా ఊళ్లు: గ్రామసభ సలహా ఇస్తే చాలా, అధికారం కూడా ఉండాలా?

తిర్యాణి టీచర్

మాది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా. పదకొండేళ్లుగా గోండు, కొలాం పిల్లలు చదివే బడిలో పనిచేస్తున్నాను. జీవో 49 సంగతి అందరూ మెల్లగా మర్చిపోతున్నారు, అందుకే ఈ చర్చ పెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. మహారాష్ట్రలోని తాడోబా పులుల అభయారణ్యం నుంచి మన కవ్వాల్ పులుల అభయారణ్యం వైపు పులులు వచ్చే దారి మా జిల్లా మీదుగా పోతుంది. ఆ దారిలోని సుమారు 1.49 లక్షల హెక్టార్ల అడవిని కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వుగా, అంటే వన్యప్రాణుల కోసం కాపాడే ప్రాంతంగా ప్రకటిస్తూ 2025 మే నెలాఖరులో ఈ జీవో 49 వచ్చింది. ఆదివాసీ సంఘాలు బంద్‌కు పిలుపునిచ్చాయి. జులైలో ప్రభుత్వం దాన్ని నిలుపుదలలో పెట్టింది. ఆపింది కానీ, రద్దు చేయలేదు.

ఆ రోజుల్లో పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులు ఒక్కటే అడిగేవాళ్లు, "సారూ, ఊరు ఖాళీ చేయాల్నా?" అని. ఎవరినీ ఖాళీ చేయించబోమని పైనుంచి చెప్పారు. ఆ మాటేదో జీవో రాకముందే గూడెంలో కూర్చుని చెప్పి ఉంటే వాళ్లకు అన్ని నిద్రలేని రాత్రులు ఉండేవి కావు.

వన్యప్రాణి చట్టం 36ఎ సెక్షన్ ప్రకారం ఇలాంటి రిజర్వు ప్రకటించే ముందు స్థానికులతో సంప్రదించాలి. 36బి ప్రకారం ఒక నిర్వహణ కమిటీ వేయాలి, అందులో ప్రతి గ్రామ పంచాయతీ నుంచి ఒక ప్రతినిధి ఉంటారు. కానీ ఆ కమిటీ చేయగలిగింది చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు సలహా ఇవ్వడమే. మా వైపు ఒక పంచాయతీ కింద నాలుగైదు గూడేలు ఉండటం మామూలే. ఒక గూడెం వాళ్లు తాగే వాగు, ఇంకో గూడెం వాళ్లు తునికాకు కోసే గుట్ట వేరువేరు. ఇన్నిటి తరఫున ఒక్క మనిషి వెళ్లి సలహా చెప్పి వస్తే దాన్ని భాగస్వామ్యం అంటే నేను ఒప్పుకోలేను. ముందు అడవి మీద గ్రామసభ హక్కును గుర్తించాలి. రిజర్వు సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు. మీరేమంటారు?

రిటైర్డ్ రేంజర్

టీచర్ గారూ, మీ బాధ నిజం. కానీ రెండో వైపు కూడా చూడండి. 2024 జనవరిలో కాగజ్‌నగర్ డివిజన్‌లో వారం తిరగకుండా రెండు పులులు చనిపోయాయి. పశువు కళేబరానికి విషం పెట్టారు. అదే ఏడాది నవంబరులో పత్తి చేనులో పనిచేస్తున్న యువతిని పులి చంపేసింది. ఆ రోజు ఊరి జనం ముందు నిలబడాల్సింది ఎవరు? ఫారెస్టోళ్లే. రాత్రంతా అడుగుజాడలు వెతికేది, కెమెరాలు కట్టేది, జనాన్ని చేలకు పోకుండా ఆపేది కూడా వాళ్లే. 2022లో చండ్రుగొండ మండలంలో పోడు గొడవలో ఒక రేంజి అధికారిని నరికి చంపారు. ఆయన నాకు పరిచయం లేదు, అయినా ఆ వార్త చదివి రెండు రోజులు అన్నం సయించలేదు.

ఇంకోటి, కలిసి పనిచేయడం మేము చూడనిది కాదు. 1990ల్లో ఊరివాళ్లతో కలిసి అడవిని కాపాడే వన సంరక్షణ సమితులు (వీఎస్‌ఎస్‌లు) పెట్టాం. నేను స్వయంగా ఊళ్లలో మీటింగులు పెట్టి సభ్యుల్ని చేర్పించాను. ప్రపంచ బ్యాంకు డబ్బు ఉన్నంతకాలం ట్రెంచ్‌లు తవ్వారు, చెక్‌డ్యాములు కట్టారు, మొక్కలు కాపాడారు. డబ్బు ఆగాక చాలాచోట్ల కమిటీ అధ్యక్షుడెవరో ఊళ్లో వాళ్లే చెప్పలేని పరిస్థితి. రేపు గ్రామసభలకు మాత్రం అలా కాదని గ్యారంటీ ఏంటి?

వరంగల్ వకీలు

రేంజర్ గారూ, సమితులు ఎందుకు నిలబడలేదో మీ మాటల్లోనే ఉంది. ఆ సమితి అటవీ శాఖ పెట్టింది. దానికి అడవి మీద చట్టబద్ధమైన హక్కు లేదు. ఊరి వాళ్లకు కూలి దొరికింది కానీ అడవి మాత్రం శాఖదే. కూలి ఆగితే పని ఆగకుండా ఎలా ఉంటుంది?

2006 అటవీ హక్కుల చట్టం దీన్ని తిరగరాసింది. 3(1)(ఐ) కింద గ్రామసభ తన సంప్రదాయ హద్దుల్లోని అడవిని కాపాడుకోవచ్చు, పెంచుకోవచ్చు, నిర్వహించుకోవచ్చు. 5వ సెక్షన్ ఇంకా ముందుకు వెళ్లి వన్యప్రాణుల్ని, పరీవాహక ప్రాంతాల్ని, నీటి వనరుల్ని కాపాడే అధికారం కూడా గ్రామసభకు ఇచ్చింది. మరి ఉమ్మడి రాష్ట్రంలో ఏం చేశారు? గ్రామసభకు ఇవ్వాల్సిన సామూహిక హక్కు పత్రాలు చాలాచోట్ల ఆ వీఎస్‌ఎస్‌ల పేరిట ఇచ్చేశారు. హక్కు ఊరికి రాకుండా మళ్లీ శాఖ కమిటీ చేతికే పోయింది.

2023లో తెలంగాణలో లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచారు. అది పెద్ద పనే, కాదనను. కానీ అవన్నీ ఎవరి చెలక వాళ్లకు. చెలక చుట్టూ ఉన్న అడవి, దాని నుంచి పారే ఒర్రె ఎవరివి అన్న ప్రశ్న అలాగే మిగిలింది.

కాగజ్‌నగర్ పత్తి రైతు

మీరంతా చట్టం మాట్లాడుతున్నారు. నేను ఎస్టీ కాదు. మా తాత నాటి నుంచి ఇక్కడే ఉన్నాం, కానీ ఎస్టీ కానివాళ్లు అటవీ హక్కు అడగాలంటే 75 ఏళ్లుగా ఇక్కడే ఉన్నట్టు రుజువు తెమ్మంటారు, ఏం తెస్తాం? పులి వచ్చిందంటే పత్తి ఏరడానికి కూలీలు రారు. కమిటీ వేసినా, గ్రామసభ పెట్టినా మాలాంటి వాళ్లను కూడా కూర్చోబెట్టండి. ఆవు చస్తే పరిహారం ఎన్ని రోజుల్లో వస్తుందో అది ముందు తేల్చండి. ఊళ్లో టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

నల్లమల నడక

నేను చెంచు. అమ్రాబాద్ వైపు. మా పెంటల్లో, అంటే మా చెంచు గూడేల్లో, చాలామంది కుర్రాళ్లు పులుల అభయారణ్యంలో వాచర్లుగా చేస్తున్నారు. పులి ఎటు పోయిందో, ఏ చెలిమెలో ఏ నెల దాకా నీళ్లుంటాయో మావాళ్లను అడుగుతారు, మేము చెప్తాం. ఆ పని మాకు ఇష్టమే.

కానీ జంతువుల కోసం నీళ్ల తొట్టి ఎక్కడ కట్టాలో పైనుంచి రాసుకొని వస్తారు. ఒకసారి మా నాయన వద్దన్నచోట కట్టారు. అక్కడ ఎండాకాలం మేము తేనెకు పోయే బాట ఉంది. తొట్టి వచ్చాక జంతువులు అటే చేరాయి, ఆ బాట మేము వదులుకోవాల్సి వచ్చింది. నాయన మాట కాగితంలో ఎక్కడైనా రాసి ఉంటే ఎవరో ఒకరు జవాబు చెప్పేవాళ్లు. టీచర్ గారు అడుగుతున్న అధికారం అంటే నాకు అర్థమైంది అదే.

గడ్చిరోలి దారి

ప్రాణహిత దాటితే గడ్చిరోలి. ఆ జిల్లాలో మెండా లేఖా అనే గోండు ఊరు ఉంది. దేశంలో అందరికంటే ముందు సామూహిక అటవీ వనరుల హక్కు పొందిన ఊళ్లలో అదొకటి, 2009లో వచ్చింది. సుమారు 1,800 హెక్టార్లు. కానీ పత్రం చేతికొచ్చాక కూడా వెదురు బయటికి తీసుకెళ్లి అమ్ముకోవడానికి అటవీ శాఖ రవాణా పర్మిట్లు ఇవ్వలేదు. చివరికి 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ స్వయంగా ఊరికి వచ్చి పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికి ఇచ్చారు. హక్కు వచ్చాక కూడా పోరాడాల్సి వచ్చిందని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆ ఊళ్లో అందరూ ఒప్పుకున్నాకే ఏ నిర్ణయమైనా తీసుకుంటారు. దానికి ఎంతో ఓపిక కావాలి.

పులుల అడవిలో ఇది కుదరదు అనేవాళ్లకు ఇంకో ఉదాహరణ. కర్ణాటక చామరాజనగర్ జిల్లాలోని బిళిగిరి రంగన బెట్ట పులుల అభయారణ్యంలో సోలిగ ఆదివాసీలకు 2011లోనే సామూహిక హక్కులు గుర్తించారు. పులులూ ఉన్నాయి, సోలిగలూ ఉన్నారు.

రిటైర్డ్ రేంజర్

నల్లమల తమ్ముడూ, నీళ్ల తొట్టి విషయంలో నువ్వు చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. మా లెక్కల్లో తొట్టి పూర్తయిందా, బిల్లు అయిందా అన్నదానికే కాలమ్ ఉండేది. ఎవరిని అడిగి కట్టారన్నదానికి లేదు.

కానీ నా సందేహం ఒకటి మిగిలే ఉంది. గ్రామసభ చేతికి అడవి ఇచ్చాక బయటి వ్యాపారి వచ్చి ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల్ని పట్టుకుని టేకు నరికిస్తే ఎవరు ఆపుతారు? ఇది నేను చూసిన సంగతి.

వరంగల్ వకీలు

ఈ చట్టం గ్రామసభకు కలప అమ్ముకునే హక్కు ఇవ్వలేదు సార్. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో వెదురు ఉంది, తునికాకు ఉంది, తేనె ఉంది, టేకు దుంగ లేదు. నరికితే కేసు పెట్టడానికి శాఖ అధికారం శాఖకు ఉండనే ఉంది. పైగా అడవిని పాడుచేసే పని ఏదైనా ఆపాలని గ్రామసభ తీర్మానిస్తే దాన్ని అందరూ పాటించాలని 5వ సెక్షనే చెబుతోంది. దొంగను పట్టుకునే కళ్లు ఇంకో నాలుగు వందలు పెరుగుతాయి.

తిర్యాణి టీచర్

పత్తి రైతు అన్నా, మీ మాట రాసుకున్నాను. గ్రామసభ అంటే ఊళ్లో ఓటున్న పెద్దలందరూ, అందులో మీరూ ఉన్నారు. పరిహారం ఆలస్యం సంగతి ఆ సభలోనే తీర్మానం చేయించాలి.

మా పక్క గూడెంలో ఈ మధ్య ఫారం-సి పని మొదలుపెట్టారు. సామూహిక అటవీ వనరుల హక్కు కోసం పెట్టుకునే దరఖాస్తు అది. ముసలివాళ్లు ముందు నడిచారు, నేను నోట్‌బుక్ పట్టుకుని వెనక నడిచాను. దేవర గుట్ట, పాత పశువుల దొడ్డి, ఎండాకాలం చెలిమెలు తీసే ఇసుక వాగు, ఆపై పక్క ఊరి హద్దు. పెద్దలు చెప్పిన మాటను రాతలో పెడితే అది కూడా సాక్ష్యంగా చెల్లుతుందని నిబంధనల్లో ఉంది, కాబట్టి ఒక్కొక్కరి మాట విడిగా రాస్తున్నాం. ఆగింది ఒక్కచోట. ఆ వాగు అటవీ శాఖ కంపార్ట్‌మెంట్ మ్యాప్‌లో (అడవిని భాగాలుగా విడగొట్టి చూపే పటంలో) ఎక్కడుందో మాకు తెలియడం లేదు. పక్క ఊరి వాళ్లు కూడా ఆ వాగు మాదే అంటున్నారు. వచ్చే నెల రెండు ఊళ్ల సభ పెట్టి తేల్చుకోవాలని అనుకుంటున్నారు.

రిటైర్డ్ రేంజర్

ఆ మ్యాప్‌లు చదవడం నాకు వచ్చు. వాగు పేరు, దగ్గరి గుట్ట పేరు పంపండి, చూసి చెప్తాను. బయటి వ్యాపారుల విషయంలో నా భయం పోలేదు, అది కూడా ఆ సభలో చెప్పుకుంటాను. తేదీ ఖాయం కాగానే కబురు పెట్టండి టీచర్ గారూ, వస్తాను.