రాజనీతిశాస్త్రం పీహెచ్‌డీ ఎంతమంది పూర్తి చేశారో తెలియాలంటే ఏ రికార్డు అడగాలి?

తిరుపతిలో రాజనీతిశాస్త్రం పీహెచ్‌డీ సీటు వచ్చింది. చిత్తూరులో జూనియర్ లెక్చరర్ కాంట్రాక్టు కొలువు వదిలి పూర్తికాలం చేరాలా, పార్ట్‌టైమ్‌తో సరిపెట్టుకోవాలా తేల్చుకోవాలి. అందుకే ఒక లెక్క వెతుకుతున్నాను: 2016 నుంచి 2018 వరకు ఆ విభాగంలో చేరినవారిలో ఎందరికి పట్టా వచ్చింది, ఎందరు మధ్యలో మానేశారు?

పీహెచ్‌డీ గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారమైన శోధ్‌గంగలో పూర్తయిన సిద్ధాంత గ్రంథాలే ఉంటాయి. మానేసినవారి జాడ అక్కడ దొరకదు. విద్యాసంస్థలకు ర్యాంకులిచ్చే కేంద్ర ప్రభుత్వ వ్యవస్థ ఎన్ఐఆర్ఎఫ్‌కు విశ్వవిద్యాలయాలు సమర్పించే వివరాల్లో పట్టా పొందినవారి సంఖ్య పూర్తికాలం, పార్ట్‌టైమ్‌గా విడివిడిగా ఉంది కానీ శాఖలవారీగా లేదు. ఉన్నత విద్యపై కేంద్రం జరిపే ఏఐఎస్‌హెచ్ఈ సర్వే ఏ ఏటి లెక్క ఆ ఏటికే ఇస్తుంది. యూజీసీ 2016 నిబంధనల్లో పీహెచ్‌డీ గడువు కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, మహిళలకు మరో రెండేళ్లు. కాబట్టి ఒక ఏడాది పట్టాలను అదే ఏడాది ప్రవేశాలతో భాగిస్తే వచ్చే శాతం దేనికీ పనికిరాదు.

సమాచార హక్కు చట్టం కింద కూడా అడిగాను. అడిగిన రూపంలో క్రోడీకరించిన సమాచారం లేదని జవాబు వచ్చింది. ఉద్యోగాల సంగతి పూర్వ విద్యార్థులనే అడిగి తెలుసుకుంటాను. సహాయ ఆచార్యుల నియామకానికి 2023 నుంచి నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేదా సెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష) కనీస అర్హత, పీహెచ్‌డీ ఐచ్ఛికం అయ్యాక ఆ ఆరా మరీ అవసరం.

దరఖాస్తు మళ్లీ పెడుతున్నాను. ఈసారి క్రోడీకరణ కోరకుండా నకళ్లే అడిగి నేనే లెక్క కట్టుకోవాలంటే, పరిశోధన విభాగం దగ్గర తప్పక ఉండే ఏ రిజిస్టరు లేదా ఉత్తర్వుల పేరు రాయాలి?