కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్‌లో, అదీ సమాజ సమస్యల మీద, పరిశోధనకు వెళ్లొచ్చా?

అరండల్‌పేట అమ్మాయి:
నమస్తే అండి. మాది గుంటూరు. సీఎస్‌ఈలో బీటెక్ అయిపోయింది. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫర్ చేతిలో ఉంది. కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్‌లో రీసెర్చ్ చేసే ఎంఎస్ సీటు కూడా వచ్చింది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా: మనం మాట్లాడే, రాసే భాషతో కంప్యూటర్ చేత పని చేయించే చదువు ఇది. అందులోనూ నాకు జనానికి దగ్గరగా ఉండే పని మీద మనసు. ఆడవాళ్ల మీద, కులాల మీద ఆన్‌లైన్‌లో వచ్చే ద్వేషాన్ని గుర్తించడం, రైతులు, రోగులు అడిగేవాటికి తెలుగులో సరిగ్గా జవాబు చెప్పించడం, అలాంటివి. తర్వాత పీహెచ్‌డీ చేసి యూనివర్సిటీలోనే ఉండిపోవాలని ఉంది.

నాన్నగారికి మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్టు. "మంచి పనేనమ్మా, దానికి జీతం ఎవరిస్తారు?" అంటున్నారు. మా సీనియర్ ఒకరైతే, ఇదంతా పేపర్లు వేసుకోవడానికే, ఎవరికీ ఉపయోగపడదు అనేశారు. ఆ మాటే గుచ్చుకుంది. జీతం సంగతి ఎలాగోలా సర్దుకుంటాను. ఉపయోగమే లేదంటే మాత్రం ఆలోచించుకోవాలి. ఈ రంగం తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

బెజవాడ కోడర్:
చెల్లెమ్మా, మీ సీనియర్ మాటను కొట్టిపారేయకండి. నేను ఇదే పని కంపెనీలో చేస్తున్నాను. ద్వేష వ్యాఖ్యల మీద పరిశోధన అంటే చాలావరకు ఎలా ఉంటుందో చెబుతా. యూట్యూబ్ కామెంట్లు కొన్ని వేలు పోగేస్తారు. ద్వేషం ఉన్నవి ఇవి, లేనివి ఇవి అని లేబుల్ వేస్తారు. వాటితో మోడల్‌కి, అంటే కంప్యూటర్ ప్రోగ్రాముకి, నేర్పిస్తారు. ఎఫ్‌వన్ స్కోరు, అంటే మోడల్ ఎంత సరిగ్గా పట్టిందో చెప్పే మార్కు, ఎంతొచ్చిందో రాసి కాన్ఫరెన్స్‌కి పంపిస్తారు. 2021లో ద్రావిడ భాషల వర్క్‌షాప్ ఎవరి మోడల్ బాగా పడుతుందో చూడటానికి పెట్టిన పోటీలో తమిళం, మలయాళం, కన్నడం ఉన్నాయి, తెలుగు లేదు. 2024లో తెలుగు, ఇంగ్లీషు కలిసిన కామెంట్లకు కూడా పెట్టారు. సంతోషమే. కానీ కామెంటు తీసేసే అధికారం ప్లాట్‌ఫారం చేతిలో ఉంది. పోటీలో మొదటి స్థానం వచ్చిన మోడల్ అక్కడిదాకా వెళ్లే దారే లేదు.

ఇంకో సంగతి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక, పీహెచ్‌డీ మధ్యలో ఉన్నవాళ్ల టాపిక్‌లు చాలా మూలపడ్డాయి. ఐదేళ్లు పట్టుకు కూర్చున్న సమస్యను పెద్ద మోడల్ ఒకటి వచ్చి ఒక్క రోజులో తేల్చేస్తే మీ పరిస్థితేంటి? డబ్బు సంగతి సర్దుకుంటానన్నారు కాబట్టి ఒక్క ముక్కలో చెబుతా: జేఆర్‌ఎఫ్ (పరీక్ష రాసి తెచ్చుకునే ప్రభుత్వ పరిశోధన ఫెలోషిప్) వస్తే, 2023లో పెంచిన లెక్కన నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000. నా సలహా, ఉద్యోగంలో చేరండి. మార్చాలనుకున్నది లోపలినుంచే మార్చండి.

నంబూరు లెక్చరర్:
అమ్మాయ్, మీ నాన్నగారి యార్డు దగ్గరినుంచే మొదలుపెడతాను. ఒక రైతు ఫోన్‌లో "మిరపలో ముడత వచ్చింది, ఏం కొట్టాలి?" అని అడిగాడనుకుందాం. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు. కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి. మొక్క గిడసబారి, ఆకులు చిన్నవై గుబురు కట్టిందంటే బొబ్బర, అంటే వైరస్. దానికి మందు లేదు, దాన్ని మోసుకొచ్చే తెల్లదోమను ఆపుకోవాలి, పట్టిన మొక్కను పీకేయాలి. ఒకదానికి కొట్టే మందు ఇంకోదానికి పనిచేయదు. ఈ ప్రశ్న మామూలు చాట్‌బాట్‌ని అడిగితే టక్కున ఒక మందు పేరు చెప్పేస్తుంది. పొలం తెలిసిన మనిషైతే ముందు "పైకా, కిందికా?" అని ఎదురడుగుతాడు. ఎప్పుడు ఆగాలి, ఏం ఎదురడగాలి అన్నది యంత్రానికి నేర్పడం మన రంగంలో ఇంకా తేలని సమస్య. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు తోటల్ని ఊడ్చేసినప్పుడు, కొట్లో ఎవరేది చెబితే అది కొట్టి ఎంతమంది మునిగిపోయారో మీ నాన్నగారిని అడుగు. అలాంటి ఏడాది తప్పుడు మందు చెప్పే బాట్ కూడా తోడైతే ఏమవుతుంది? ఇది పరిశోధన కాదంటే నేనొప్పుకోను.

కోడర్ గారు లోపలినుంచి మార్చమన్నారు. కొందరు మారుస్తారు, కాదనను. కానీ లోపల ఉంటే ఎంతవరకు మాట్లాడనిస్తారో కూడా చూడాలి. పెద్ద భాషా మోడళ్ల ప్రమాదాల మీద రాసిన ఒక పేపర్ విషయంలో గొడవై 2020 డిసెంబరులో టిమ్నిట్ గెబ్రూ అనే ఏఐ పరిశోధకురాలు గూగుల్ నుంచి బయటికి వచ్చారు. తీసేశారని ఆవిడ అంటారు, రాజీనామా అని కంపెనీ అంటుంది. అదే పేపర్ రాసినవాళ్లలో భాషాశాస్త్రవేత్త ఎమిలీ బెండర్ ఒకరు. ఆవిడ వాషింగ్టన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. ఆవిడ ఉద్యోగానికి ఏమీ కాలేదు, పేపర్ 2021 మార్చిలో అచ్చయింది. యూనివర్సిటీ ఇచ్చే రక్షణ ఇదీ. ద్వేష వ్యాఖ్యల్ని పట్టే సాధనాలు అమెరికాలో నల్లవాళ్లు మాట్లాడే ఇంగ్లీషును ఊరికే బూతు కింద జమకడుతున్నాయని 2019లో బయటపెట్టిన పరిశోధన కూడా అదే యూనివర్సిటీ నుంచి వచ్చింది. సాధనం అమ్ముకునేవాళ్లు దాని తప్పు తామే ప్రకటించడం అరుదు.

ఇక టాపిక్ మూలపడటం గురించి. 2023లో ఐఐటీ మద్రాసులోని ఏఐఫోర్‌భారత్ అనే పరిశోధన బృందం వాళ్లు షెడ్యూల్డ్ భాషలు 22కీ అనువాద మోడల్ చేసి, ఎవరైనా వాడుకునేలా వదిలారు. చాట్‌జీపీటీ వచ్చాకే. పెద్ద మోడల్ వచ్చిందని వాళ్ల పని ఆగలేదు.

సింగ్‌నగర్ వాసి:
చదువుకున్నవాళ్ల మధ్యలో మాట్లాడుతున్నందుకు ఏమనుకోకండి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద మా మీద పడినప్పుడు మేం విజయవాడలో పైపుల రోడ్డు దగ్గర మేడ మీద ఉన్నాం. మమ్మల్ని బతికించింది పడవలు, డ్రోన్ల మీద వచ్చిన అన్నం పొట్లాలు. కంప్యూటర్ కాదు.

కానీ ఒకటి చూశాను. మా సందులో ఒక పసిబిడ్డకు పాలు కావాలని ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, "రామాలయం వెనక రెండో సందు" అని. అది గ్రూపు గ్రూపుకీ తిరిగింది. బిడ్డనీ తల్లినీ దాటించేశాక కూడా తిరుగుతూనే ఉంది. మర్నాడు పడవవాళ్లు ఆ ఖాళీ ఇంటికే వచ్చి వెళ్లారు. ఆ పడవ ఇంకో ఇంటికి వెళ్లాల్సింది కదా అని ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీ చదువు దీనికేమన్నా చేయగలదా మేడమ్?

నంబూరు లెక్చరర్:
చేయగలదండి. 2010 జనవరిలో హైతీ భూకంపం వచ్చినప్పుడు 4636 అనే నంబరుకు జనం హైతియన్ క్రియోల్‌లో మెసేజ్‌లు పంపారు. సాయానికి వచ్చినవాళ్లలో చాలామందికి ఆ భాష రాదు. వేరే దేశాల్లో ఉన్న హైతీవాళ్లు ఆన్‌లైన్‌లో కూర్చుని అనువాదం చేసి, ఎక్కడ ఏం కావాలో గుర్తించి పంపారు. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్లు వారం తిరగకుండా క్రియోల్ అనువాద యంత్రం తయారుచేశారు. అయినా బరువు మోసింది మనుషులే. ఆ అనువాదాలను సమన్వయం చేసిన రాబర్ట్ మన్రో అప్పటికి పీహెచ్‌డీ విద్యార్థి. ఆయన థీసిస్ కూడా ఇలాంటి పొట్టి సందేశాల మీదే.

మీరు చెప్పిన మెసేజ్‌నే తీసుకోండి. ఒకే మెసేజ్ రకరకాలుగా తిరుగుతోందని పట్టుకోవాలి. ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు రాసిన తెలుగు చదవగలగాలి. "రామాలయం వెనక రెండో సందు" మ్యాప్‌లో ఎక్కడో తేల్చాలి. "వచ్చేశారు, తీసుకెళ్లారు" అన్న తర్వాతి మెసేజ్‌ను దీనికి కలపాలి. నాలుగూ చేయదగ్గ పనులే. కానీ వరద వచ్చాక మొదలుపెడితే అందవు. గుళ్లు, సందులు, కట్టల పేర్లతో డేటా ముందే సిద్ధంగా ఉండాలి. ఎప్పుడొస్తుందో తెలియని వరద కోసం ఏ కంపెనీ అంత ఖర్చు పెడుతుంది?

బెజవాడ కోడర్:
మేడమ్, వరద గురించి మీరన్నది కాదనలేను. కానీ ఆ సందుల పేర్ల జాబితా తయారుచేసి, ఏటా సరిచూసే పనికి ఏ యూనివర్సిటీ ప్రమోషన్ ఇస్తుంది? లెక్కపెట్టేది పేపర్లనే. మోడల్ పెట్టి స్కోరు తెస్తే పేపరు, దాన్ని కార్పొరేషన్ కంట్రోల్ రూములో కూర్చోబెట్టి నడిపిస్తే సున్నా. అందుకే మంచి మనసుతో వచ్చినవాళ్లు కూడా రెండో ఏడాదికల్లా స్కోర్ల వెంట పడతారు. తప్పు మనుషులది కాదు, పద్ధతిది.

నంబూరు లెక్చరర్:
ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. అందుకే, అమ్మాయ్, టాపిక్ కంటే ముందు గైడ్‌ని చూసుకో. "మీ పాత ప్రాజెక్టుల్లో ఇప్పుడు ఎవరైనా వాడుతున్నది ఒకటి చూపిస్తారా?" అని మర్యాదగానే అడుగు. చూపించలేకపోతే ఎంత పేరున్న ల్యాబ్ అయినా నీకు సరిపడదు.

తాడికొండ:
ఇంతసేపూ లేబుల్ వేసేది ఎవరు అని ఒక్కరూ అడగలేదు. నేను ఎస్సీ హాస్టల్లో ఉండి చదువుకున్నాను. మా మీద రాసేవాటిలో చాలావాటికి బూతు ఉండదు. "కోటా డాక్టరా? అయితే వేరే హాస్పిటల్‌కి పోదాం" అని రాస్తారు. ఒక్క తిట్టు లేదు. ముగ్గురు కూర్చుని లేబుల్ వేస్తే, ఆ మాట ఎప్పుడూ తగలని ఇద్దరు "ద్వేషం లేదు" అంటారు. మెజారిటీ లెక్కన అది మంచి కామెంటు అయిపోతుంది. ఆ డేటాతో నేర్చుకున్న మోడల్ దాన్ని వదిలేసి, ఫ్రెండ్స్ సరదాకి "ఒరేయ్ వెధవా" అనుకుంటే పట్టుకుంటుంది. ఇది ఎఫ్‌వన్ స్కోరులో కనపడదు, ఎందుకంటే పరీక్ష పెట్టే డేటాకీ లేబుల్ వేసింది వాళ్లే. సమాజ సమస్య మీద పని చేస్తామనేవాళ్లు, ఆ సమస్య పడ్డవాళ్లని డేటాగా కాకుండా పనిలో భాగస్వాములుగా కూర్చోబెట్టుకోవాలి. ఈ అమ్మాయి అలా చేస్తానంటే వెళ్లమంటాను. లేకపోతే ఉద్యోగమే మంచిది.

బెజవాడ కోడర్:
తాడికొండ గారు చెప్పింది మా కంపెనీలోనూ ఎవరూ అడగని ప్రశ్న. చెల్లెమ్మా, యూనివర్సిటీ పోస్టులు తక్కువ, వచ్చేదాకా ఏళ్లు పడుతుంది, ఆ భయం మాత్రం నాకింకా ఉంది. కానీ ఎంఎస్ వరకు వెళ్లినా దారి మూసుకుపోదు. అది అయ్యాక మా వైపు ఉద్యోగాలు దొరుకుతాయి. పీహెచ్‌డీ సంగతి అప్పుడు తేల్చుకోవచ్చు. నాన్నగారికి అలా చెప్పి చూడండి.

అరండల్‌పేట అమ్మాయి:
అందరికీ థ్యాంక్స్ అండి. రాత్రి నాన్నగారికి ఇదంతా చదివి వినిపించాను. ముడత సంగతి దగ్గర ఆపి, 2021లో తన దగ్గరికి వచ్చే రైతులు ఏమేం కొట్టారో చాలాసేపు చెప్పారు. కోడర్ అన్న చెప్పినట్టు ఎంఎస్ వరకు ఒప్పుకున్నారు. సీటు తీసుకుంటున్నాను.

తాడికొండ గారూ, ద్వేష వ్యాఖ్యల మీద పని మొదలైతే లేబుల్ వేయడానికి నియమాలు రాయాల్సి వస్తుంది. వాటిని ముందే మీకు పంపితే చూసిపెడతారా?

తాడికొండ:
తప్పకుండా పంపండి. మా హాస్టల్ పిల్లల చేత కూడా చదివిస్తాను. కానీ వాళ్లు లేబుల్ వేస్తే డబ్బులివ్వాలి, పేపర్లో పేర్లుండాలి. ఈ రెండూ మీ గైడ్‌ని మొదటి రోజే అడగండి.