మండువా ఇంటి గోడ రవ్వలా రాలుతోంది, కూల్చేయమంటున్నారు. సలహా కావాలి

గోదారిగట్టు:
నమస్కారమండీ. మాది రాజోలు వైపు ఓ పల్లె. ముత్తాతగారు కట్టించిన మండువా లోగిలి. ఎర్ర ఇటుక, గానుగ సున్నం. నాలుగు వైపులా పెంకు లోపలికే వాలి ఉంటుంది, వాన మండువాలో పడి తూములోంచి దొడ్లోకి పోతుంది. చిన్నప్పుడు ఆ తూముకి గుడ్డ కుక్కి, మండువా నిండా నీళ్లు నిలబెట్టి పడవలు వేసినందుకు నాయనమ్మ వీపు విమానం మోత మోగించింది.

ఇప్పుడు పడమటి గోడకి నడుం ఎత్తు దాకా చెమ్మ. సిమెంటు పూత మీద తడితే డొల్ల చప్పుడు. ఓ చోట పెచ్చు ఊడింది, వేలు పెడితే ఇటుక ఉప్మా రవ్వలా రాలింది. ఆ సిమెంటు 2009లో మేమే కొట్టించాం, గోడ గట్టిపడుతుందని. ఒక ఇంజనీరుగారు చూసి ‘ఇటుకకి వయసైపోయింది, కూల్చి డాబా వేసుకోండి’ అన్నారు. 86 వరదకి గడప దాకా నీళ్లొచ్చినా, 96 తుఫానుకి సగం పెంకు లేచిపోయినా ఈ గోడ కదల్లేదు మరి. టేకు స్తంభాలు, సింహద్వారం వరకే కొంటానని ఒకాయన తిరుగుతున్నాడు. అన్నయ్యకేమో ఆయనకి అమ్మేద్దామని ఉంది.

ఇంకోటి. పెంకు తిరగేస్తే బాసెల్ మిషన్ ముద్ర, 1865 అని ఉంది. ఇల్లు అప్పటిదేనా? దూలం మీద మాత్రం ‘సాధారణ’ అని చెక్కారు. అదేంటో తెలియలేదు.

సున్నపుబట్టీ:
1865 మంగళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ ఆ పెంకుల కార్ఖానా పెట్టిన ఏడు అండీ, మీ పెంకు పుట్టిన ఏడు కాదు. దూలం మీదది తెలుగు సంవత్సరం. సాధారణ 1910-11లో వచ్చింది, మళ్లీ 1970-71లో. ముత్తాతగారు అంటున్నారు కాబట్టి మొదటిదే. మొదటి ప్రపంచ యుద్ధంతో ఆ మిషన్ వాళ్ల కార్ఖానాలు వేరే చేతుల్లోకి పోయాయి, ఆ లెక్కా దానికే సరిపోతుంది.

ఇక గోడ. మా నాన్న తాపీమేస్త్రి, ఇలాంటివి చాలా చూశాను. పాత ఇళ్లకి పునాది మీద చెమ్మ ఆపే పొర ఉండదు. కోనసీమ నేల సంగతి మీకు నేను చెప్పాలా! కింది తడి గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నం పూత ఉన్నన్నాళ్లూ అది ఎక్కినట్టే ఎక్కి బయటికి ఆరిపోయేది. మీరు సిమెంటుతో ఆ దారి మూశారు. తడి ఇంకా పైకి పాకింది, నేలలో ఉప్పునీ వెంట తెచ్చింది. ఆ ఉప్పు ఇటుక లోపలే గడ్డకట్టి దాన్ని పగలగొడుతుంది. మీ వేలికి తగిలిన రవ్వ అదే.

చెమ్మ గీతకి పైన ఇంకో అడుగు దాకా సిమెంటు పూత ఊడగొట్టించేయండి. ఒక వేసవి అలా వదిలేయండి. బయటికి పూసే ఉప్పుని పొడి చీపురుతోనే ఊడ్చాలి, నీళ్లు పోస్తే మళ్లీ లోపలికే పోతుంది. రాలిన ఇటుకలు ఒకటీ రెండూ చొప్పున మార్చి, సున్నంలో ఇటుక పొడి కలిపి పూయించండి. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపే మేస్త్రి దొరికితే అదృష్టమే. ముందు ఒకటి చూడండి: వీధిలో సీసీ రోడ్డు ఎన్నిసార్లు వేశారు?

పెంకుటిల్లు:
మా ఇంట్లో స్తంభాలు అమ్మేశారండీ. మండువా చూరు బరువంతా వాటి మీదే కదా. తీయాలంటే పెంకు, వాసాలు అన్నీ దించాలి. కప్పు లేని గోడలు రెండు వానాకాలాలకే కూలాయి. స్తంభాల డబ్బు పంచుకుంటే మా వాటాకి ఒక ఫ్రిజ్ వచ్చింది.

ప్రభుత్వం కాపాడుతుందేమో అని మేమూ అడిగాం. వందేళ్లు దాటినంత మాత్రాన సొంత ఇంటికి ఏ రక్షణా రాదట, వాళ్లు ప్రకటించాలి. ఇంటాక్ అని వారసత్వ కట్టడాల కోసం పనిచేసే సంస్థ ఉంది, వాళ్లని సలహా అడగొచ్చు, ఇలాంటి పాత కట్టడాల జాబితాలు వాళ్లు చేస్తుంటారు.

లంకమనిషి:
అందరూ ముచ్చటగానే చెబుతున్నారు. ఉండి చూడండి! కోతులు పెంకు పీకుతాయి, ఏడాదికోసారి సర్దించాలి, ఆ పని తెలిసిన మనిషి మా ఊళ్లో ఒక్కడే, వాడికీ మోకాళ్ల నొప్పులు. మీరు అక్కడే ఉంటారా, హైదరాబాదు నుంచి ఫోన్లో ఉంటారా? అది తేల్చుకున్నాక సున్నం కొనండి.

గోదారిగట్టు:
లంకమనిషిగారూ, ఉండేది అమ్మ. హైదరాబాదులో ఉండేది అన్నయ్య, నేను రాజమండ్రిలో.

సున్నపుబట్టీగారూ, రోడ్డు మూడుసార్లు వేశారు. మా అరుగుకి నాలుగు మెట్లుండేవి, ఇప్పుడు ఒకటిన్నర కనిపిస్తోంది. వాన నీళ్లన్నీ గోడ మొదట్లోకే. తూము కూడా సగం పూడిపోయింది, ఈసారి గుడ్డ కుక్కింది నేను కాదు.

మొన్న మంచం పొడుగున సిమెంటు ఊడగొట్టించాను. వెనక ఇటుక తడిసి నల్లగా ఉంది. ఆరో రోజుకి తెల్లగా పూసింది. అమ్మ చీపురుతో ఊడిస్తే చేటెడు వచ్చింది. అన్నయ్యకి వీడియో కాల్లో చూపించాను, ఏమీ అనలేదు. సంక్రాంతికి వస్తున్నాడు. స్తంభాలాయన్ని అప్పటిదాకా రావొద్దన్నాను.