ఖర్చు పెరగకుండా ఇంట్లో తిండి మార్చాలి, ముందు ఏది మార్చమంటారు?

మాది విజయనగరం, ఇంట్లో ఐదుగురం. నెల సరుకులు 7,000 దాటితే అత్తయ్యగారు ఒప్పుకోరు. మావయ్యగారికి షుగర్, అయినా మూడు పూటలా పాలిష్ బియ్యం అన్నమే. అదే నా టెన్షన్. సేంద్రియ బియ్యం తెచ్చాను, కిలో 90 అని తెలిశాక మళ్లీ తేనివ్వలేదు. కొర్రలు గంట నానబెట్టి, ఒకటికి రెండు నీళ్లు పోసి కుక్కర్‌లో పెట్టాను. చల్లారాక గట్టిపడింది, ఎవరూ ముట్టలేదు. పొద్దున్న చోడి (రాగి) అంబలి మాత్రం అందరూ ఇష్టంగా తాగుతున్నారు. చోళ్లు మన పంటే కదా, అలవాటైన రుచి. కూరగాయలు రైతు బజారులోవే, వాటిలో మందులు కొట్టనివి ఏవో తెలియట్లేదు. పెరట్లో బచ్చలి, గోంగూర వేశాను.

అన్నీ ఒకేసారి మార్చలేం. ఇదే బడ్జెట్‌లో బియ్యం, నూనె, కూరగాయల్లో ముందు దేన్ని మార్చమంటారు?