రొయ్యల ఏజెంటు ముఖ్యపాత్రైతే జనం ఎందుకు చూస్తారు?

కాలవగట్టు:
భీమవరం పక్క చెరువుల మీద జరిగే 90 నిమిషాల చిన్న సినిమా స్క్రిప్టండి. పాటల్లేవు, ఫైట్లు లేవు. ముఖ్యపాత్ర రొయ్యలు కొనే ఏజెంటు. కౌంట్‌లో, అంటే కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్కలో, మోసం చేస్తాడు, ఇంట్లో చెల్లెలి మీద పెత్తనం చేస్తాడు, చివరిదాకా మారడు. చదివినవాళ్లంతా "వీడితో గంటన్నర ఎందుకు కూర్చోవాలి?" అంటున్నారు. చిన్నప్పటి కష్టాలు ఒక ఫ్లాష్‌బ్యాక్‌లో పెట్టమంటారా?

చెక్‌ట్రే:
వద్దండి. జాలి పుట్టిందంటే ప్రేక్షకుడు వాణ్ణి క్షమించేసి వెనక్కి వాలిపోతాడు. వీడు ఇప్పుడేం చేస్తాడోనన్న కుతూహలమే ఇలాంటి సినిమాని నిలబెడుతుంది. అందుకు వాడికి పని బ్రహ్మాండంగా వచ్చుండాలి.

మొదటి 10 నిమిషాల్లోనే ఒక పట్టుబడి బేరం, అంటే చెరువులో రొయ్య పట్టి అమ్మే బేరం, పెట్టండి. తెల్లారగట్ల నాలుగింటికి కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు. రాత్రిపూట నీళ్లలో తేలే సన్నటి నాచులాంటి ప్లాంక్టన్ ఆక్సిజన్ ఇవ్వదు సరికదా, ఉన్నది వాడేసుకుంటుంది. అందుకే పొద్దు పొడిచే ముందే నీళ్లలో ఆక్సిజన్ బాగా అడుగంటుతుంది. నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగితే రొయ్య పైకి తేలి గట్టువార చేరుతుంది. రైతుకి టైం లేదు, ఆ సంగతి మీవాడికి తెలుసు. ఒక రొయ్య తీసి వేళ్లతో నొక్కి "లూజ్ షెల్" అంటాడు, పెంకు వదులైన నాసి సరుకని. కిలో తూచేటప్పుడు చిన్నవి చేర్చి 50 కౌంట్‌ని 60 చేస్తాడు. అంటే ఒక్కోటి 20 గ్రాములున్న సరుకుని 17 గ్రాముల లోపుకి దించేశాడన్నమాట. కిలోకి 30 రూపాయలు తగ్గినా 2 టన్నుల మీద 60,000. ఈ లెక్క ఎవరిచేతా చెప్పించకండి. వేళ్లు, తక్కెడ, రైతు మొహం చూపిస్తే చాలు.

లంకదారి:
పనితనం ఒక్కటే చాలదండి. వాడి వల్ల నలిగేవాళ్లకి సొంత చూపు ఉండాలి. అదూరు గోపాలకృష్ణన్ 1981లో తీసిన మలయాళ సినిమా 'ఎలిప్పత్తాయం'లో ఉన్ని సోమరి, అక్కచెల్లెళ్ల కష్టం మీద బతికేవాడు. ఎలుక కరిస్తే ఇల్లంతా లేపుతాడు. ఎలుకని బోనులో పట్టి చెరువులో ముంచేది మాత్రం చిన్న చెల్లెలు శ్రీదేవి. వాణ్ణి తిట్టే డైలాగు అక్కర్లేకుండానే వాడి బతుకంతా అందులో ఉంది.

మన గిరీశాన్నే చూడండి. పూటకూళ్లమ్మ దగ్గర సంతలో సామాన్లు కొనిపెడతానని 20 రూపాయలు పట్టుకుపోయిన సంగతి తెర లేవగానే తనే చెప్పేస్తాడు. గురజాడ ప్రేక్షకుడి దగ్గర ఏదీ దాచలేదు. దాచి చివర్లో బయటపెడితే మోసపోయామని జనం కోపగించుకుంటారు. ముందే చెబితే, ఇష్టం లేకపోయినా వాడితో నడుస్తారు.

నాగ్రా:
తీసేటప్పుడు జాగ్రత్తలు. కెమెరా కింద నుంచి పైకి చూసే లో యాంగిల్ పెట్టారో, వాడు హీరో అయిపోతాడు. 35 ఎంఎం లెన్సు, కంటి ఎత్తులో, చేతికందేంత దూరంలో ఉంచండి. తెల్లారగట్ల ఆ నీలి వెలుగు మన దగ్గర ఇరవై నిమిషాలకి మించి ఉండదు, ముందురోజు సాయంత్రమే నడకలన్నీ రిహార్సల్ అయిపోవాలి.

ఏరియేటర్ల హోరులో డైలాగు పనికిరాదు. అలాగని పంట ఉన్న చెరువులో షూటింగ్ కోసం వాటిని ఆపమని ఎవర్నీ అడగకండి, పాపం. రొయ్యపిల్ల వదలకముందు, నీళ్లు పెట్టిన చెరువు చూసుకోండి. ఏరియేటర్ శబ్దం విడిగా ఐదు నిమిషాలు రికార్డు చేసి మొదటి షాటు నుంచీ వినిపించండి. కరెంటు పోయినప్పుడు టక్కున ఆపేయండి. సంగీతం వద్దు, ఆ నిశ్శబ్దానికే గుండె జారుతుంది.

కాలవగట్టు:
ఫ్లాష్‌బ్యాక్ తీసేస్తానండి. చెల్లెలు ప్రాసెసింగ్ షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తుంది. ఇప్పటికైతే ఆవిడకి ఏడుపు సీన్లే ఉన్నాయి.

లంకదారి:
అవన్నీ కొట్టేయండి. ఆవిడ చెయ్యీ కౌంట్‌కి అలవాటుపడిందే కదా! ఆ పొద్దున్న వాడు అదే చెరువు రొయ్యలు కిలో ఇంటికి తెస్తాడు. ఆవిడ ఒలుస్తూ ఒక్కోటీ గిన్నెలో వేస్తుంది. పక్కగదిలో వాడు ఫోన్‌లో "అరవై కౌంటండీ" అంటుంటాడు. గిన్నెలో యాభయ్యోది పడేసరికి చేటలో ఇంకేం ఉండవు. ఖాళీ చేట మీద ఆవిడ చెయ్యి ఆగాలి. కట్ చెయ్యకుండా మొత్తం ఒకే షాటులో తీయండి, చూసేవాడూ లెక్కపెట్టుకుంటాడు.