ఈవీ పికప్ తగ్గింది: 40 శాతం చార్జ్ దగ్గరే తాబేలు గుర్తు

ఖమ్మం ఈవీ:
అందరికీ నమస్కారం. ఎలక్ట్రిక్ కారు (ఈవీ) కొని మూడేళ్లు దాటింది. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ. ఈ మధ్య హైవే మీద లారీని దాటుదామని పెడల్ పూర్తిగా తొక్కితే బండి లాగడం లేదు. చార్జ్ 90 శాతం ఉన్నప్పుడు బాగానే పోతోంది, 40కి దిగాక, పవర్ తగ్గించినట్టు చెప్పే తాబేలు గుర్తు డాష్‌బోర్డ్‌లో వెలిగి కాసేపటికి ఆరిపోతోంది. స్పోర్ట్ మోడ్‌లో పెట్టినా అంతే. సర్వీస్ సెంటర్ వాళ్లు స్కానర్ పెట్టి "ఎర్రర్ ఏమీ లేదు సార్, ఈవీలన్నీ ఇంతే" అని పంపేశారు. ఓవర్‌టేక్ మధ్యలో పవర్ పోతే ప్రాణం మీదికి వస్తుంది. పిల్లల్ని ఎక్కించుకోవాలంటేనే టెన్షన్‌గా ఉంది.

గుంటూరు ఈవీ మెకానిక్:
అన్నా, ఆ మాట ఒప్పుకోవద్దు. చార్జ్ బాగా అడుగంటాక పవర్ తగ్గడం మామూలే, 40 దగ్గర కాదు. బ్యాటరీ ప్యాక్‌లో సెల్ గ్రూపులన్నీ సిరీస్‌లో, అంటే గొలుసులా ఒకదాని వెనక ఒకటి, ఉంటాయి. వాటిలో ఒక్కటి బలహీనపడినా దాన్ని కాపాడటానికి బీఎంఎస్ (బ్యాటరీని చూసుకునే కంప్యూటర్) మొత్తం ప్యాక్ పవర్‌ను కోసేస్తుంది. బండి నిలబడి ఉన్నప్పుడు స్కాన్ చేస్తే ఇది దొరకదు. ఎల్ఎఫ్‌పీ సెల్ వోల్టేజ్ చార్జ్‌లో ఎక్కువ భాగం 3.2, 3.3 వోల్టుల దగ్గరే కదలకుండా ఉంటుంది. లోడ్ పడ్డప్పుడే అసలు సంగతి తెలుస్తుంది.

ముందు ఇంట్లో స్లో చార్జర్‌తో 100 దాకా పెట్టి, నిండాక కూడా ప్లగ్ తీయకుండా కాసేపు వదిలేయండి. చాలా బళ్లలో సెల్ బ్యాలెన్సింగ్ (సెల్లన్నిటి చార్జ్ సమానం చేయడం) జరిగేది ఆ చివర్లోనే. అప్పటికీ తేడా లేకపోతే, మీ కారుకు పనిచేసే బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ (కారు అంకెల్ని ఫోన్‌లో చూపించే చిన్న పరికరం) తీసుకోండి. 40 లోపు చార్జ్‌లో, ఖాళీ రోడ్డు మీద పెడల్ తొక్కండి. అన్నిటికన్నా తక్కువ సెల్ వోల్టేజ్, ఎక్కువ సెల్ వోల్టేజ్, బీఎంఎస్ అనుమతిస్తున్న పవర్ ఎంతో పక్కన కూర్చున్నవాళ్లు స్క్రీన్ రికార్డ్ చేయాలి. మీరు మాత్రం ఫోన్ వైపు చూడొద్దు.

నంద్యాల డ్రైవర్:
నాకూ తాబేలు వచ్చింది కానీ చార్జ్‌తో సంబంధం లేదు. మే నెల ఎండలో శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే సగం దాటాక పికప్ పడిపోయేది. పక్కన ఆపి చల్లారనిస్తే మళ్లీ మామూలే. చూస్తే కూలెంట్ ట్యాంక్‌లో నీలం ద్రవం మినిమమ్ గీత కింద ఉంది, పైపు క్లిప్ దగ్గర తెల్లగా ఎండిన మరక. సన్నని లీకు. ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటును మోటార్‌కు తగ్గట్టు మార్చేది) వేడెక్కి పవర్ తగ్గించుకుంటోంది. క్లిప్ మార్చి, కంపెనీ చెప్పిన కూలెంటే నింపించాను. తక్కువైంది కదా అని కుళాయి నీళ్లు మాత్రం పోయకండి.

టొరంటో తెలుగు:
ఇక్కడ మైనస్ 20లో కారు బయట పెడితే పొద్దున పికప్ ఉండదు, రీజెన్ (పెడల్ వదిలితే బండి నెమ్మదిస్తూ బ్యాటరీకి చార్జ్ పంపడం) కూడా దాదాపు ఉండదు. అది రిపేరు కాదు, బ్యాటరీ చలి. ప్లగ్‌లో ఉండగానే ప్రీహీట్ పెడితే చాలు. ఖమ్మంలో మీకు ఆ గొడవ లేదు.

వైజాగ్ నుంచి:
మాది వేరే రకం. సాఫీగా పోతూ పోతూ పెడల్ ఒక చోటికి రాగానే కుదుపు, ఆ తర్వాత ఎంత తొక్కినా నెమ్మదే. ఎర్రర్ కోడ్ పీ2138 వచ్చింది. పెడల్‌లో రెండు సెన్సార్లు ఉంటాయండీ, రెండూ చెప్పేది పొంతన కుదరకపోతే బండి తనంతట తాను నెమ్మదిస్తుంది. మాకు బ్యాటరీ చూసి, 12 వోల్టుల చిన్న బ్యాటరీ మార్చి, ఆఖరికి పెడల్ మార్చారు. కోడ్ మొదటే చదివి ఉంటే అంత తిరుగుడు తప్పేది.

ఖమ్మం ఈవీ:
గుంటూరు అన్నా, స్లో చార్జింగ్ చేశాను, మార్పు లేదు. 35 శాతం దగ్గర రికార్డ్ చేశాం. ఆగి ఉన్నప్పుడు అన్నీ 3.27 దగ్గరే. పెడల్ తొక్కగానే మిగతావి 3.1 దగ్గర ఉంటే ఒక్కటి 2.7కి జారింది. అదే క్షణంలో అనుమతించే పవర్ సగానికి పడిపోయింది. ప్రతిసారీ అదే నంబర్ సెల్.

గుంటూరు ఈవీ మెకానిక్:
ఇక అనుమానం లేదు. ఆ గ్రూపులో సెల్ అయినా పోయి ఉండాలి, బస్‌బార్ (సెల్లను కలిపే లోహపు పట్టీ) జాయింట్ అయినా వదులై ఉండాలి. రెండిటికీ ప్యాక్ విప్పాల్సిందే. నారింజ రంగు కేబుళ్ల జోలికి బయటి మెకానిక్‌ను రానివ్వకండి, అవి 300 వోల్టులకు పైనే. వీడియో చూపించి, జాబ్ కార్డు మీద "35 శాతం చార్జ్, పూర్తి పెడల్, ఫలానా సెల్ 2.7 వోల్టులు" అని రాయించండి. "పికప్ తక్కువ" అని రాస్తే మళ్లీ టైర్లలో గాలి చూసి పంపేస్తారు. బ్యాటరీ వారంటీ మామూలుగా 8 ఏళ్లు ఉంటుంది, మీది ఇంకా నడుస్తూనే ఉంటుంది.

ఖమ్మం ఈవీ:
వీడియో చూశాక వాళ్లే లోడ్ టెస్ట్ చేశారు. సెల్ పోయిందట. వారంటీలో ఆ సెల్ ఉన్న మాడ్యూల్ (కొన్ని సెల్లు కలిసిన భాగం) మార్చి ఇచ్చారు. నిన్న 30 శాతం చార్జ్‌తో సూర్యాపేట రోడ్డులో పూర్తిగా తొక్కి చూశాను. తాబేలు రాలేదు, ఆ నంబర్ సెల్ కూడా మిగతావాటితో సమానంగా 3.1 దగ్గరే నిలబడింది. అన్నా, మీకు చాలా థ్యాంక్స్. ఆ రికార్డింగ్ ఇక్కడే ఉంచుతున్నాను, ఇదే ఇబ్బంది ఉన్నవాళ్లు తమ అంకెలతో పోల్చుకోవచ్చు.