పాత రిసీవర్‌కు పాత స్పీకర్లే కావాలా?

పాతపెట్టె: నాన్నగారి స్టీరియో రిసీవర్‌ను (రేడియో, ఆంప్లిఫయర్ ఒకే పెట్టెలో ఉన్నది) అటక మీద నుంచి దింపాను. 1970ల నడిమి కాలానిది, ఛానెల్‌కు 30 వాట్లు. ఆయన స్పీకర్ల వూఫర్ (బాస్ పలికించే పెద్ద కోన్) చుట్టూ ఉన్న ఫోమ్ వేలు తగలగానే పొడిపొడిగా రాలిపోయింది. ఇక కొత్తవి చూడక తప్పదు. నచ్చిన టవర్ స్పీకర్ల కాగితం మీద ‘50 నుంచి 200 వాట్లు’ అని ఉంది. 30 వాట్లతో నడిపితే ట్వీటర్ (పైస్థాయి స్వరాలు పలికించే చిన్న భాగం) కాలిపోతుందని ఒక మిత్రుడు భయపెట్టాడు. అసలు పాత రిసీవర్‌కు ఆ కాలపు స్పీకర్లే నప్పుతాయని మరొకరి వాదన. ఎవరి మాట వినాలి?

చెవేసాక్షి: రెండో ఆయన మాట వినండి. ఆ రిసీవర్‌ను తయారుచేసినవాళ్లు అప్పటి స్పీకర్లు పెట్టుకునే విని ఉంటారు కదా. నేను రెండు రకాలూ మార్చి మార్చి విన్నాను. కొత్తవాటితో పాట శుభ్రంగానే ఉంటుంది, కానీ గాయకుడు గదిలోకి రాడు.

టంకంపొగ: ‘ఆ కాలపు స్పీకర్లు’ అంటే ఒకే జాతి అనుకుంటున్నారా? 1967 నాటి ఏఆర్-3ఏ ఉంది. గాలి చొరబడని పెట్టె, 4 ఓమ్స్ (కరెంటుకు అది పెట్టే అడ్డు), ఎన్ని వాట్లు పోసినా తాగేస్తుంది. క్లిప్ష్ హెరెసీ 1957లో వచ్చింది. అది హార్న్ (బూర) స్పీకర్, ఒకటి రెండు వాట్లకే గది దద్దరిల్లుతుంది. బీబీసీ వాళ్ల ఎల్ఎస్3/5ఏ 1970ల నాటిది. 15 ఓమ్స్, సెన్సిటివిటీ (ఒక వాట్‌కు ఒక మీటరు దూరంలో వినిపించే శబ్దం) 83 డెసిబెల్స్ దరిదాపుల్లో. మూడూ పాతవే. ఒకదానికి నప్పిన ఆంప్ (ఆంప్లిఫయర్) రెండోదానికి నప్పదు. పుట్టిన సంవత్సరం చూసి జోడీ కుదర్చడం జాతకాలు చూసినట్టే.

చూడాల్సినవి రెండు. మొదటిది సెన్సిటివిటీ. 3 డెసిబెల్స్ తగ్గితే అదే శబ్దానికి రెట్టింపు వాట్లు కావాలి. 87 డెసిబెల్స్ స్పీకర్ మీ 30 వాట్లతో చేసే పనికి 83 డెసిబెల్స్‌ది 75 వాట్లు అడుగుతుంది. రెండోది ఇంపీడెన్స్, అంటే ఓమ్స్‌లో చెప్పే ఆ అడ్డు. కాగితం మీద 8 ఓమ్స్ అని ఉన్నా బాస్ దగ్గర అది 3 ఓమ్స్ దాకా జారే టవర్లు బోలెడు. స్పీకర్లకు శక్తి పంపే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లను వేడెక్కించేది ఆ జారుడే. యాభై ఏళ్ల ట్రాన్సిస్టర్ పోతే అచ్చం అలాంటిది మళ్లీ దొరకడం కష్టం.

ఓమ్‌పిచ్చి: ఇందులో ఒక కనికట్టు కూడా ఉంది. ఇప్పుడు సెన్సిటివిటీని 2.83 వోల్టుల దగ్గర కొలిచి రాస్తారు. 8 ఓమ్స్ స్పీకర్‌కు అది సరిగ్గా 1 వాట్. 4 ఓమ్స్ స్పీకర్‌కు 2 వాట్లు! కాబట్టి 4 ఓమ్స్ టవర్ మీద 90 అని ఉంటే నిజంగా 87 అని చదువుకోండి. రెండు జతల స్పీకర్లను ఎంచుకునే ఏ, బి మీటలు రెండూ నొక్కి నాలుగు స్పీకర్లు నడపాలనుకుంటే వెనక పలక మీద రాసింది ముందుగా చదవండి. చాలా రిసీవర్లలో అవి సమాంతరంగా కలుస్తాయి, అప్పుడు రెండు 8 ఓమ్స్ జతలు కలిసి 4 అవుతాయి.

చెవేసాక్షి: లెక్కలు బాగున్నాయి. మరి ట్వీటర్ సంగతి? చిన్న ఆంప్‌తో ట్వీటర్ కాల్చుకున్నవాళ్లు నాకే ఇద్దరు తెలుసు.

టంకంపొగ: కాల్చింది ఆంప్ చిన్నతనం కాదు, నాబ్ తిప్పిన చెయ్యి. వాల్యూమ్ పెంచుతూ పోతే బాస్ శిఖరాలు ముందు పైకప్పుకు, అంటే ఆంప్ ఇవ్వగల గరిష్ఠానికి, తగిలి చదునవుతాయి. పైస్థాయి స్వరాలకు ఇంకా చోటుంటుంది, అవి పెరుగుతూనే ఉంటాయి. దానికి తోడు, చదునైన అలలోంచి పుట్టే కొత్త హార్మోనిక్స్ (అసలు స్వరానికి రెట్లుగా ఉండే పై స్వరాలు). ఆ భారమంతా సన్నని ట్వీటర్ తీగచుట్ట మీద పడుతుంది. పాట చిరుగుతున్నట్టు వినిపించగానే తగ్గించేవాడికి 30 వాట్లతో ఏ ప్రమాదమూ లేదు.

అయితే నాబ్‌ను చూసి మోసపోకండి. అప్పటి ఆక్స్ ఇన్‌పుట్‌కు (బయటి పరికరం తగిలించే చోటు) సుమారు 150 మిల్లీవోల్టులు అందితే చాలు, పూర్తి శక్తి వచ్చేస్తుంది. ఇప్పటి సీడీ ప్లేయర్ 2 వోల్టులు పంపుతుంది, అంటే పదమూడు రెట్లు. ఇంకా సగమే తిప్పాను కదా అని మీరనుకునేసరికి ఆంప్ చేతులెత్తేసి ఉంటుంది.

పాతపెట్టె: అదా సంగతి! ఫోను నుంచి చిన్న డీఏసీ (డిజిటల్ పాటను ఆంప్‌కు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పరికరం) పెట్టి వింటుంటే తొమ్మిది గంటల ముల్లు దగ్గరే హోరెత్తుతోంది. ఎంత బలమో అని మురిసిపోయాను.

ఓమ్‌పిచ్చి: మురిసింది చాలు. స్పీకర్లు తగిలించే ముందు మల్టీమీటర్‌ను డీసీ మిల్లీవోల్టుల్లో పెట్టి, వాల్యూమ్ సున్నా చేసి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర కొలవండి. స్పీకర్లకు హాని చేసే డీసీ ఎంత లీకవుతోందో తెలుస్తుంది. 50 లోపు ఉంటే నిశ్చింత. వందలు చూపిస్తే స్పీకర్ల మాట పక్కన పెట్టి బాగుచేయించండి.

పాతపెట్టె: కొలిచాను. ఎడమ 14. కుడి మొదట 71, అరగంట వేడెక్కాక 28కి దిగింది. బ్యాలెన్స్ నాబ్ గరగరలాడుతోంది, దానికి కాంటాక్ట్ క్లీనర్ కొట్టాలి. టవర్ల ఆలోచన మానుకున్నాను. 89 డెసిబెల్స్, ఇంపీడెన్స్ 6 ఓమ్స్ కంటే కిందికి దిగని షెల్ఫ్ స్పీకర్లు ఒక జత చూసి పెట్టాను.

చెవేసాక్షి: నాన్నగారి స్పీకర్లు మాత్రం పారేయకండి. ఫోమ్ అంచులు విడిగా దొరుకుతాయి. పాత జిగురు ఓపికగా గీకి, కోన్ మధ్యకు సరిగ్గా కూర్చోబెట్టి అంటించాలి. తీగచుట్ట రాసుకోకుండా చూసుకుంటే చాలు. అప్పుడు రెండు జతలూ పక్కపక్కన పెట్టి వినండి, గాయకుడు ఎందులోంచి వస్తాడో మీరే చెబుతారు.

టంకంపొగ: వినండి. కాకపోతే రెండింటి శబ్దస్థాయీ మీటరుతో సమానం చేసి వినండి. ఒక డెసిబెల్ ఎక్కువున్నా చెవి దానివైపే మొగ్గుతుంది. మా సాక్షిగారి గాయకుడు గదిలోకి వచ్చింది ఆ తలుపులోంచేనని నా అనుమానం.

చెవేసాక్షి: మీటరు నేనే తెస్తాను.